ఎర్ర తాడు

మా రేవులో ఏడు పడవలు.
ఆరింటికి ఆడపేర్లు పెట్టాడు ఒయివా మామ.
ఏడోదాని పేరు 'తర్వాత'.
ఎందుకలా అంటే
తర్వాత చెబుతా అంటాడు.

సైమా సరస్సు ఒడ్డు, జూన్ చివర,
రాత్రి పదకొండైనా దీపం అక్కర్లేని వారం.
పట్నం కార్లలోంచి దిగుతాయి
బీరు పెట్టెలు, బొగ్గుల పొయ్యి, గాలి ఊదే హంస,
ఈత రాని అల్లుడు,
అన్నీ వచ్చిన బావమరిది.

నా పని చిన్నది. లైఫ్ జాకెట్లు తొడిగించడం.
నారింజ రంగు వెలిసి
గుమ్మడి గుజ్జు రంగుకి దిగిన జాకెట్లు.
కాలరు లోపల పాత పిల్లల పేర్లు:
వియెనో, ఆరో, సిర్కు.
ఒకామె ఇప్పుడు లారీ నడుపుతుంది,
ఒకడు జనం పళ్లు పీకుతాడు,
సిర్కు చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది.
జాకెట్లకి మాత్రం వాళ్లింకా ఆరేళ్లవాళ్లే.

కాళ్ల మధ్య పట్టీ బిగిస్తుంటే
ప్రతి పిల్లా గింజుకుంటుంది.
భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగుతాను,
చెవుల దాకా వచ్చేస్తే అది నీది కాదమ్మా,
ఉండు, ఇంకోటి తెస్తా.

"నీళ్లు అద్దంలా ఉన్నాయిగా" అంటాడు బావమరిది.
అద్దమే.
పైన జానెడు వెచ్చన,
దాని కింద మార్చి నెల ఇంకా ఖాళీ చేసి పోలేదు.
పడినవాడు వెంటనే మునగడు.
ముందు చలి వాడి ఊపిరి లాక్కుంటుంది,
అరుద్దామనుకున్న కేక గొంతులోకే జారిపోతుంది.
ఆ ఒక్క నిమిషం
తల పైన నిలపడానికే ఈ వెలిసిన గుడ్డ.
ఇదంతా చెప్పను. మా వైపు మాటలు తక్కువ.
బకిలు టక్కుమనేదాకా
పడవ మాత్రం విప్పను.

అప్పుడొస్తాడు మామ, కాఫీ కప్పుతో.
ఎడమ చేతికి రెండే వేళ్లు.
ఆ రెంటితోనే తలలు లెక్కపెడతాడు:
రెండు, నాలుగు, ఐదు.
ఐదో తల కుక్కది. దానికీ ఉంది జాకెట్టు.

ఇంజను పక్కన మెలికలు తిరిగిన ఎర్ర తాడు.
ఒక కొస ఇంజనుకి, ఒక కొస మనిషికి.
బొడ్డుతాడు లాంటిదే, పని మాత్రం తిరగేసి:
ఊడితే
ఇంజను ఊపిరి ఆగుతుంది,
నీది నిలుస్తుంది.

"మణికట్టుకి" అంటాడు మామ.
"ఆ రాయి దాకేగా, తర్వాత పెట్టుకుంటాలెండి..."
కప్పు కింద పెడతాడు మామ.

పదమూడేళ్ల కిందట, ఇదే సరస్సు, ఇలాంటి ఎండ.
టోపీ ఎగిరిపోతుంటే పట్టుకుందామని లేచి నిలబడ్డాడు.
అంతే.
మనిషి లేని పడవ తిన్నగా పోదు.
చుక్కాని ఓ పక్కకి వాలి
గానుగెద్దులా తిరుగుతుంది
నీళ్లలో ఉన్న యజమాని చుట్టూ,
చుట్టు చుట్టుకీ ఇంకాస్త దగ్గరగా.
పిలిస్తే వినదు.
అప్పటికి దానికి పేరు కూడా లేదు.
మూడో చుట్టుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

నేను ఒడ్డునే ఉన్నాను. పదకొండేళ్లు నాకు.
అంత దూరానికి అదొక ఆటలా కనిపించింది.
పడవ తిరుగుతోంది, నీళ్లు మెరుస్తున్నాయి,
నేను చెయ్యి ఊపాను.

ఇదీ చెప్పడు మామ.
ఎడమ చెయ్యి చాపి తాడు అందిస్తాడు.
బావమరిది ఆ చేతిని చూసి,
చూడనట్టు చూసి,
తగిలించుకుంటాడు.

గోడకున్న పలక మీద సుద్దతో రాస్తాను:
ఐదుగురు, గొర్రె దీవి వైపు, పదిన్నరకి.
బీరు పెట్టె మెట్టు మీదే ఉండిపోయింది,
తడి గోనె కప్పాను.

పదిన్నర.
పదీ నలభై.
సూర్యుడు దిగనని ఫిర్ చెట్ల మీదే కూర్చున్నాడు.
మామ కాఫీ చల్లారింది, తాగడు, పారబోయడు.
పదకొండుకి ఐదు నిమిషాలనగా
దీవి మలుపులో ఇంజను మోత.
తిన్నగా వస్తోంది.
తిరగడం లేదు.

రెండు, నాలుగు, ఐదు.
ఐదోది ఒళ్లు విదిలించి
మా అందరినీ తడిపింది.

పలక మీద వరస తుడిచి
పడవని ఏడో గుంజకి కడుతున్నాను.
జాకెట్టు విప్పనని మారాం చేస్తూ చిన్నది
పడవ పక్కన రాసిన పేరు
కూడబలుక్కుంటూ చదువుతోంది.